నోటిలెక్కయు గుండెచప్పుడును



అంబరుపేటలోని మా యింట దీపము పెట్టినతోడనే పిల్లలచేత నోటిలెక్కలు చెప్పించుట వాడుక. మావారు బడిపంతులు; అయినను ఈ పని మాదే. పెద్దవాడు తప్పో యొప్పో గట్టిగా చెప్పి ఆటకు పరుగెత్తును. బాలిక యెక్కములన్నియు నెఱిగియు, అడిగినతోడనే పెదవులు తడియాఱి నిలిచిపోవును. ఒకనాడు "మొద్దువా?" యని గద్దించి చేయి పట్టుకొంటిమి. నాడి మా వ్రేళ్లక్రింద వలకు చిక్కిన పిచ్చుకవలె కొట్టుకొనుచుండెను. మాకు నోట మాట రాలేదు.

మఱునాడు ఇద్దఱి నాడియు లెక్కించితిమి. మణికట్టున బొటనవ్రేలి వైపున మూడు వ్రేళ్లు మెల్లగా నుంచి, 30 సెకండ్లు లెక్కించి రెట్టింపు చేసిన చాలును. ఊరక కూర్చున్నపుడు వానికి 84, దానికి 88. "పదునేడు ఆఱులెంత?" యని యడుగగా వానికి 90, దానికి 112!

బడియీడు పిల్లలకు మేలుకొని యున్నపుడు నిమిషమునకు 75 మొదలు 118 వఱకు సహజమే. మనస్సులో లెక్క కట్టునపుడు గుండెకు కళ్లెమువంటి వేగస్ నాడి తన పట్టు సడలించును, గుండె వేగపడును. శ్రద్ధగా చూచునపుడును వినునపుడును అది కొంత నెమ్మదించునని అమెరికాలో జాన్ లేసీ, బియాట్రిస్ లేసీ దంపతులు 1960 ప్రాంతముల చూపిరి. కథ వినుచున్న బిడ్డ గుండె వేఱు, లెక్క కట్టుచున్న బిడ్డ గుండె వేఱు.

ఈ మార్పు అందఱు పిల్లలలో నొక్కతీరుగా నుండదు. క్రొత్తవారియెదుట వెనుకాడు పిల్లలలో పలువురకు గుండె తేలికగా వేగపడునని హార్వర్డు పండితుడు జెరోమ్ కేగన్ మొదలగువారు 1988లో ప్రకటించిరి. ఇట్లు త్వరగా చలించు పిల్లలు కఠినమైన యింట ఇతరులకంటె నెక్కువ నలుగుదురనియు, ఆదరముగల యింట ఇతరులకంటె మిన్నగా రాణింతురనియు థామస్ బోయ్స్, బ్రూస్ ఎల్లిస్ అనువారు 2005లో ప్రతిపాదించిరి. కావున నాడివేగము తెలివికి కొలత గాదు. సోమరితనమునకు గుర్తు గాదు. గద్దింపు మాత్రము ఒక బిడ్డకు గాలి, మఱియొక బిడ్డకు దెబ్బ.

ఇపుడు మేము గడియారము బోర్లించి యడుగుచున్నాము. నలుగురి యెదుట అడుగము. ముందుగా ఊపిరి నిదానముగా విడువుమందుము. నోట రానిది పలకపై వ్రాయనిత్తుము. అయితే ఊరకున్నపుడు సైతము నాడి మిక్కిలి వేగమైనను, తప్పిపడుచున్నను, బిడ్డ సొమ్మసిల్లినను వైద్యునకు చూపవలయును.

మొన్న సాయంకాలము బాలిక తానై వచ్చి, "అమ్మా, నన్నడుగు" మన్నది. జవాబు తప్పే చెప్పినది, కాని చెప్పినది. మీరును గద్దించుటకు ముందు ఒక్కమాఱు బిడ్డ చేయి పట్టుకొని చూడుడు.