చలనచిత్రము – వర్ధమాన రచయిత

సినిమా పిల్లలను చెడగొడుతుందన్న మాట తెలుగు పాఠశాలలలో చాలా పాతది. రచన మీద మక్కువ గల విద్యార్థి విషయములో ఆ మాటకు మరింత పదును పెడుతుంటారు. సినిమాకు పోయేవాడు పుస్తకము ముట్టడట. పుస్తకము ముట్టనివాడు వ్రాయలేడట. వినుటకు ఈ తర్కము బాగుగానే ఉన్నది. కాని జరిగిన చరిత్ర దీనికి ఎదురు సాక్ష్యము చెబుతున్నది.

1950లో కలకత్తాలోని ఒక ప్రకటనల సంస్థ తన చిత్రకారుని ఒకనిని లండనుకు పంపినది. ఆయన సత్యజిత్ రాయ్. వయస్సు ఇంకను ముప్పది నిండలేదు. అక్కడ ఉన్న కొద్ది నెలలలో ఆయన వంద వరకు చిత్రములు చూచినాడు. లండను చేరిన కొత్తలో చూచిన ఒక చిత్రము ఆయనను నిలువునా కుదిపివేసినది. అది ఇటలీ దర్శకుడు విట్టోరియో డిసికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్'. ఇంతకూ కథ ఎంత? యుద్ధము ముగిసిన రోము నగరములో, పనిలేని ఒక సంసారికి గోడలకు ప్రకటనలు అంటించే ఉద్యోగము దొరుకుతుంది. దానికి సైకిలు కావలె. సైకిలేమో తాకట్టులో ఉన్నది. భార్య పక్కదుప్పట్లు కుదువబెట్టి దానిని విడిపిస్తుంది. పనిలో చేరిన మొదటినాడే ఎవడో దానిని ఎత్తుకొనిపోతాడు. తండ్రీ కొడుకులు వీథి వీథి వెదకుతారు. కడకు ఆ తండ్రే మరొకరి సైకిలు దొంగిలింపబోయి, కన్నకొడుకు చూస్తుండగా పట్టుబడతాడు. తండ్రి వేషము వేసినవాడు వృత్తినటుడైనా కాడు. ఒక కర్మాగారములో పనివాడు.

ఈ చిత్రము చూచి రాయ్ సైకిలు కథ వ్రాయలేదు. గమనింపదగిన సంగతి ఇదే. కొన్ని నెలలు గడచిన తరువాత, తిరుగు ప్రయాణములో ఓడమీద ఆయన కాగితము మీద పెట్టినది ఒక బెంగాలు పల్లె కథ: విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల, 1929లో గ్రంథరూపమున వెలువడిన 'పథేర్ పాంచాలి'. పిల్లలకై కుదించిన ఆ నవల ప్రతికి రాయ్ అంతకుముందే బొమ్మలు వేసి ఉన్నాడు. అపూ, దుర్గ ఆయన మనస్సులో ఏండ్ల తరబడి తిరుగాడుతూనే ఉన్నారు. రోము వారికి పుట్టుక నీయలేదు. ఆయనకు ధైర్యము నిచ్చినది. ఇంత చిన్న కష్టము కథకు చాలునని, నిజమైన వీథులు, ముక్కుమొగము తెలియని మనుషులు చాలునని నమ్మకము కలిగించినది. చిత్రము 1955లో వెలువడినది. ఆయన దర్శకుడు కదా, రచయితకు ఉదాహరణ ఎట్లవుతాడని అడుగవచ్చును. కెమెరా పట్టకముందు ఆయన పట్టినది కలమే. పైగా 1961లో తన తాత స్థాపించిన 'సందేశ్' పత్రికను పునరుద్ధరించి, బాలలకు కథలు వ్రాసి, వంగభాషలో రచయితగా కూడ నిలిచినాడు.

ఇక తెలుగు విద్యార్థి సంగతి. హృదయమును కదిలించే చిత్రము చూచి వచ్చిన రాత్రి అతడు వ్రాసే కథలో సాధారణముగా నాయిక మరణిస్తుంది. నాయకుడు వానలో తడుస్తూ నిలబడతాడు. ఆ వాన అతని ఊరిలో కురిసినది కాదు, తెరమీద కురిసినది. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో 'సినిమా పిచ్చి' అని వ్రాసి పుస్తకము తిరిగి ఇచ్చివేస్తాడు. ఒక రచయిత అక్కడనే ఆగిపోయే ప్రమాదమున్నది. కొట్టివేయవలసినది ఆ వానను మాత్రమే. పిల్లవాని కన్నీటిని కాదు. చిత్రములో ఎక్కడ ఏడ్చినావని వానిని అడుగవలె. సైకిలు పోయినప్పుడు కాదు, తండ్రి పట్టుబడినప్పుడు అని వాడు చెప్పవచ్చును. అప్పులవాని యెదుట తన తండ్రి తలవంచుకొని నిలబడిన ఉదయము ఒకటి వాని ఇంటిలోనే ఉన్నదేమో! వాడు దానిని ఇంతవరకు అవమానమనుకొని దాచుకొన్నాడు, కథ అనుకొనలేదు. ఒక చిత్రము ఆ మూత తీసిన పక్షమున, అంతకు మించిన రచనా పాఠమును ఏ గురువు చెప్పగలడు?

పరాయి కథను తెచ్చుకొనుటయే తప్పని దీని అర్థము కాదు. 1955లో వచ్చిన 'బంగారుపాప'కు మూలము జార్జి ఇలియట్ 1861లో ప్రకటించిన 'సైలస్ మార్నర్' అను నవల. ఆ ఇంగ్లీషు సాలెవాడు పాలగుమ్మి పద్మరాజు చేతిలో పడి కోటయ్య అయినాడు. ఊరు మారినది, భాష మారినది, కోపతాపములు మారినవి. తెరమీది కథను కాగితము మీదికి దించుకొనే కుర్రవాడు మార్చనివి ఇవే.

మరొక చిక్కు కలదు. గొప్ప దృశ్యము చూచినవానికి దానితో పోటీపడే వర్ణన చేయవలెనన్న ఆరాటము పుడుతుంది. 'పథేర్ పాంచాలి' చిత్రములో రెల్లుపూల నడుమ పిల్లల పరుగు, నల్లని పొగ, రైలుబండి హోరు – వీనితో వర్ణన పోటీపడి గెలువదు. కాని తెరమీద ఉన్నదే కనబడుతుంది. జరుగనిదానిని చూపుట తెరకు కష్టము. నవలలో దుర్గ రైలును చూడవలెనని ఆశపడి, చూడకుండానే కన్నుమూస్తుంది. చూడని రైలును గురించి చిన్న వాక్యము వ్రాయగల సౌకర్యము రచయితకే ఉన్నది. చిత్రము చూచిన వారము రోజులకు ఆ నవల తెలుగు అనువాదమును విద్యార్థి చేతిలో పెట్టి, రైలు ఘట్టమును రెండింటను పోల్చి చూడుమని చెప్పుట తెలుగు పండితునికి కష్టమైన పని కాదు. పాఠశాల గ్రంథాలయములో ఆ పుస్తకము లేకపోతే తెప్పించవచ్చును.