వీరునకు తీర్చవలసిన ఋణము

యుద్ధము సాగుచున్నంతకాలము వీరుని పేరు ప్రతివాని నోటను వినబడును. యుద్ధము ముగిసి, మేళతాళములు సద్దుమణిగి, పతకము పెట్టె నడుగునకు చేరిన పిమ్మట ఆ వీరుడెట్లు కాలము పుచ్చుచున్నాడని అడుగువారు అరుదు. రాజధానికి ఎంతో దూరముగాని ఝజ్జరు ప్రాంతమున పల్రా గ్రామమందు జన్మించి, 2005 నవంబరు 21వ తేదీని తమ 85వ యేట ఢిల్లీలో కన్నుమూసిన సుబేదారు మేజరు ఉమ్రావ్ సింగు జీవితము ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నది. ఆయన విక్టోరియా క్రాసు పొందిన యోధుడు. బ్రిటిషు సామ్రాజ్యమున పరాక్రమమునకు అంతకు మించిన పతకము లేదు.

ఆయన చేసిన కార్యమును సంగ్రహముగా స్మరింతము. 1944 డిసెంబరు 15, 16 తేదీలలో బర్మాయందలి కలదాన్ లోయలో హవల్దారు ఉమ్రావ్ సింగు పర్వత ఫిరంగిదళమున ఒక ఫిరంగికి నాయకుడుగ నుండెను. జపానువారు గంటన్నరసేపు గుండ్లవర్షము కురిపించి, పిదప రెండు కంపెనీల బలముతో పైబడిరి. రెండు చేతిబాంబుల గాయములు తగిలియు ఆయన తన మనుష్యులను నిలువరించి తుపాకి కాల్పించెను. రెండవ దాడి ముగియునప్పటికి ఆయనయు, మరి ఇద్దరును మాత్రమే మిగిలిరి. మూడవ దాడిలో తూటాలు సైతము నిండుకొనగా, ఫిరంగిసామగ్రిలోని బరువైన ఇనుపకడ్డీని చేతబట్టి ముష్టాముష్టి పోరెను. ఆరు గంటల అనంతరము మనవారు ఆ స్థలమును మరల స్వాధీనపరచుకొనగా, ఏడు తీవ్రగాయములతో స్మృతి తప్పి ఫిరంగి ప్రక్కనే ఆయన పడియుండెను. చుట్టును పదిమంది శత్రువుల శవములుండెను. ఫిరంగి మాత్రము చెక్కుచెదరలేదు. 1945 అక్టోబరులో ఆరవ జార్జి చక్రవర్తి స్వహస్తములతో ఆ పతకమును తొడిగెను.

ఇంతవరకు కథ అందరికిని ప్రీతికరమే. తరువాతి కథయే మనలను తలవంచుకొనజేయును. స్వతంత్ర భారతసైన్యమునకూడ కొలువు చేసి, 1970లో విరమించి, ఆయన రెండెకరముల సేద్యముపై బ్రదికిరి. పతకముతోపాటు బ్రిటిషు ప్రభుత్వమునుండి వచ్చుచుండిన భరణము ఏడాదికి 168 పౌన్లు; అనగా నెలకు 14 పౌన్లు. ధరలు ఎన్ని రెట్లు పెరిగినను ఈ మొత్తము దశాబ్దములతరబడి కదలలేదు. 1995లో యుద్ధ స్వర్ణోత్సవములకై లండనుకు వెళ్లినప్పుడు, అతిథుల పట్టికలో పేరు లేదని ప్రముఖుల ఆవరణలోనికి ఆయనను పోనీయకుండ నిలిపిరి. రొమ్మునగల పతకమేదియో ఎరిగిన ఒక బ్రిగేడియరు చూచుటచే ప్రవేశము లభించినది. ఆ సందర్భముననే ఆయన ప్రధానమంత్రి జాన్ మేజరుకు భరణము సంగతి మొరపెట్టుకొనిరి. తత్ఫలితముగా అది 1,300 పౌన్లయ్యెను. ఇంచుమించు ఎనిమిది రెట్లు! పెంచినందుకు ప్రశంసింపవలసినదే. కాని ఒక్క మాటతో ఎనిమిది రెట్లు పెరుగగలిగిన భరణము అంతవరకు ఎంత అన్యాయముగ నుండెనో ఆ పెంపుదలయే సాక్ష్యము పలుకుచున్నది. మరణించినవారి మాట యటుండనిండు. ప్రాణములకు తెగించినవాడు ముదిమిలో తన కూటికై తానే నోరు విప్పవలసివచ్చుట ఏ దేశమునకు శోభ?

ఇచట కొందరొక ఆక్షేపణ తెత్తురు. అది పరప్రభుత్వమిచ్చిన పతకము, వారి యుద్ధమున వారికై చేసిన సేవ, దానిని మనమేల పాటింపవలెనందురు. బర్మారంగమున ఒక ప్రక్కన భారతసైన్యమును, మరియొక ప్రక్కన నేతాజీ అనుచరులును నిలిచిన సంగతిని మేము మరువలేదు. ఆ చరిత్రను గూర్చి తర్కించుటకు ఎల్లరకు హక్కు గలదు. కాని ఆ తర్కభారమును తన ఫిరంగిని విడువని గ్రామీణునిపై మోపుట న్యాయము కాదు. 1947 తరువాత ఆ సైనికునే మన సైన్యమున నిలుపుకొంటిమి. సుబేదారు మేజరు పదవి నిచ్చితిమి. అతని సేవను గైకొన్న మనము అతని గౌరవమును మాత్రము పరులదనుట ఎట్లు పొసగును? ఆ పతకమును పెద్దమొత్తమునకు కొందుమని వచ్చినవారిని ఆయన త్రోసిపుచ్చిరి. దానిని అమ్ముట యుద్ధమున పడిపోయిన సహచరులకు అపచారమని భావించిరి. రెండెకరముల రైతునకు గల ఈ ఔదార్యము మన ఖజానాలకు ఉండవలదా?

దోషము లండనుదే యని మనము తప్పించుకొనరాదు. 1987 జూనులో సియాచినునందు ఇరువదియొక్క వేల అడుగుల ఎత్తుగల శిఖరమును గెలిచి పరమవీరచక్ర పొందిన బాణాసింగునకు స్వరాష్ట్ర ప్రభుత్వము చిరకాలము నెలకు రెండువందల రూపాయలైనను ముట్టజెప్పలేదు. ఇతర రాష్ట్రములలో అదే పతకమునకు వేలు లభించుచుండెను. శిఖరమును గెలిచినది దేశమునకు. వెల కట్టినది పుట్టిన జిల్లానుబట్టి! కేంద్రప్రభుత్వము 2017లో పరమవీరచక్రభత్యమును నెలకు 10,000 రూపాయలనుండి 20,000కు పెంచినది. మంచి పనియే. అయినను ఉద్యోగి కరవుభత్యము ఏడాదికి రెండుమారులు ధరల వెంట నడచుచుండగా, వీరుని భత్యము ఏలినవారికి జ్ఞప్తికి వచ్చినప్పుడే కదలుట తగదు.

చేయవలసిన పనులు కష్టసాధ్యములు కావు. పతకభత్యమును ధరలకు ముడివేయవలెను. అన్ని రాష్ట్రములును ఒకే పతకమునకు ఒకే బహుమానమిచ్చునట్లు కేంద్రము పూనుకొని ఒడంబడిక కుదుర్చవలెను. మరణించిన వీరుని కుటుంబమును వెంటనే ఆదుకొనగలమని 2020లో గల్వాను లోయయందు అసువులు బాసిన సూర్యాపేట వాస్తవ్యుడు కర్నల్ సంతోష్‌బాబు విషయమున తెలంగాణ ప్రభుత్వము 5 కోట్ల రూపాయలును, ఉద్యోగమును, ఇంటిస్థలమును ఇచ్చి నిరూపించినది. ఆ శ్రద్ధలో కొంత బ్రదికియున్నవారికిని దక్కవలెనని మా కోరిక. పరమవీరచక్ర పొందిన 21 మందిలో 14 మందికి అది మరణానంతరమే లభించినది. కావున జీవించి మన మధ్యకు తిరిగివచ్చువారు ఎంత కొలదిమందియో ఆలోచింపుడు.

రాజధానియందలి తెలుగు సోదరులకు ఈ విషయము పరాయిది కాదు. కుంపిణీనాట ఉత్తరహిందూస్థానమున సిపాయికి ‘తిలంగా’ యనియే పేరు. మన దేశమునుండి వెళ్లిన పటాలములనుబట్టి వచ్చిన పేరది. పిదప కొన్ని జాతులే యుద్ధయోగ్యములను సిద్ధాంతము పుట్టి, సైన్యమున తెలుగువారికి ద్వారములు చాలవరకు మూతపడినవి. నేడు బెంగుళూరునందలి మద్రాసు సాపర్లు మొదలుగా పెక్కు దళములలో మనవారున్నారు. శౌర్యమునకు ప్రాంతభేదము లేదని మనకంటె ఎరిగినవారెవరు?

మీలో న్యాయవాదులు, వైద్యులు, పింఛను కాగితములు నడపు అధికారులు గలరు. వృద్ధసైనికుడొకడు మీ గుమ్మమున నిలిచినప్పుడు పట్టికలో పేరున్నదా యని అడుగుటకు ముందు ఆయన రొమ్మును చూడుడు. ఆ చిన్న పట్టీ ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుడు. ఆయన కాగితమును ఆనాడే కదల్చుడు. ఉమ్రావ్ సింగు అంత్యక్రియలకు సేనాధిపతియు, ముఖ్యమంత్రియు విచ్చేసిరి. అది తగిన గౌరవమే. కాని శవపేటికకు చేయు వందనము, సజీవునకు చెల్లవలసిన బాకీని తీర్చజాలదు.