నాతో ఎవరికి పని?

ఒంటరితనం గురించి అమెరికాలో ఈ మధ్య చాలా మాట్లాడుతున్నారు. 2023లో అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఏకంగా ఒక హెచ్చరికే విడుదల చేశారు. మనుషులతో సంబంధాలు తెగిపోయి బతకడం, ఆయుష్షు విషయంలో రోజుకి 15 సిగరెట్ల దాకా కాల్చడంతో సమానమట. బ్రిటన్ 2018లోనే దీనికోసం ఒక మంత్రిని పెట్టింది, 2021లో జపాన్ కూడా పెట్టింది. ఒంటరితనానికి మంత్రేమిటని అప్పట్లో మేమంతా నవ్వుకున్నాం.

నలుగురితో కలవండి అంటారు అందరూ. మనకి కలవడానికి కొదవేముంది? ఉగాదికీ, దీపావళికీ, వారం వారం ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజుకీ కలుస్తూనే ఉంటాం. నలభైమంది మధ్య పేపర్ ప్లేటు పట్టుకుని ఇళ్ళ రేట్లూ గ్రీన్‌కార్డు తేదీలూ మాట్లాడుకుని, ఇంటికొచ్చాక కారు గరాజ్‌లో ఆపి, దిగబుద్ధి కాక అలాగే కాసేపు కూర్చుండిపోయేవాళ్ళు నాకు తెలుసు.

మా స్నేహితుడి నాన్నగారు ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు. ఒంగోలు దగ్గర లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. కొడుకూ కోడలూ బాగానే చూసుకుంటారు. "ఎలా ఉందండీ ఇక్కడ?" అని అడిగాను. "అన్నీ బావున్నాయి బాబూ. నాతో ఎవరికీ పనిలేదు, అంతే" అన్నారు, లెక్క చివర జవాబు రాసినట్టు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన ఊళ్ళలో "మీతో చిన్న పనుంది" అంటూనే కదా మనిషి గుమ్మంలోకి వస్తాడు! మాస్టారి దగ్గరికి అర్జీ రాయించుకోడానికి ఒకరు, పెళ్ళి సంబంధం వాకబు చేయడానికి ఒకరు, పిల్లాడు ఏ గ్రూపు తీసుకోవాలో అడగడానికి ఇంకొకరు. కాఫీలూ కబుర్లూ ఆ తర్వాతే. "నీతో నాకేం పని?" అన్నామంటే మాత్రం తెగతెంపులే.

ఇక్కడ ఎవరి నిచ్చెన వాళ్ళకుంది. ఎయిర్‌పోర్టుకి ఊబర్ ఉంది. పాలైపోతే ఫోన్‌లో నొక్కితే గుమ్మంలో పెట్టిపోతారు. ఎవర్నీ ఇబ్బంది పెట్టకూడదన్నది మర్యాదగా నేర్చుకున్నాం, పిల్లలకీ అదే నేర్పుతున్నాం. నాకైతే ఇది మరీ ఎక్కువైందనిపిస్తుంది.

కరివేపాకు మొక్క ఒక్కటే ఇంకా ఈ దారికి రాలేదు. చలి మొదలవగానే కుండీతో సహా ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఊరెళ్తే నీళ్ళు పోసే మనిషిని వెతుక్కోవాలి. మొన్న డిసెంబర్లో ఇండియా వెళ్తూ మా కుండీని మాస్టారికి అప్పగించాం. మూడు వారాలూ రోజూ వాట్సాప్‌లో ఫోటో వచ్చింది, కింద ఎన్ని కొత్త రెమ్మలొచ్చాయో అంకెతో సహా. మా అమ్మ అక్కడ చుట్టాలందరికీ చూపించింది.

మేం తిరిగొచ్చాక కుండీ తెచ్చిస్తూ, "ఆకు అడుగున పిండినల్లి కనబడుతోంది. ఆదివారం వచ్చి వేపనూనె కొట్టిపోతాను" అన్నారు.

ఆ పని నేనూ చేసుకోగలను. పదింటికల్లా రమ్మన్నాను.