పేరులోనే సముద్రం!

మోర్తాడ్‌ దగ్గర్లోని కోనసముద్రంలో సముద్రం లేదు. కానీ ఇక్కడి ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు దిగేవారు! 1820 ప్రాంతంలో ఈ ఊరికొచ్చిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీకి ఇస్ఫహాన్‌ నుంచి వచ్చిన హాజీ హుస్సేన్‌ తారసపడ్డాడు. దగ్గరుండి మరీ సరుకు కొనుక్కుంటున్నాడట. వాయిసీ 1824లో చనిపోయినా, ఆయన రాసిపెట్టిన వివరాలు 1832లో అచ్చయ్యాయి.

రెండు రకాల ఇనుము ముక్కల్ని కలిపి మట్టి మూసలో పెట్టేవారు. మూత బిగించి కొలిమిలో గంటల తరబడి కాల్చేవారు. తిత్తులు ఊదేవాళ్లు వంతులు మారాల్సిందే. అలా తయారైన ఉక్కు ముద్దలే... డమాస్కస్‌ కత్తుల ముడిసరుకు. మన 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లిష్‌లో 'వూట్జ్‌' అయిందంటారు.

పొద్దున్నే బయల్దేరి వెళ్తే ఒక్క పూటలో చూసి రావచ్చు. కోటలూ గోపురాలూ ఉంటాయనుకుంటే మాత్రం నిరాశే! ఊరి పెద్దలెవరినైనా తోడు తీసుకోండి. లేకుంటే కాలికింది నల్లటి చిట్టెపు రాయి మామూలు రాయిలాగే కనిపిస్తుంది. 2010లో బెంగళూరు, ఎక్సెటర్‌ పరిశోధకులు ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి నమోదు చేసుకున్నది ఇలాంటి ఆనవాళ్లనే. చేను చదును చేసినా, ఇంటికి పునాది తీసినా ముందు పోయేవీ ఇవే. పిల్లలు ముచ్చటపడితే చేతిలోకి తీసుకుని చూడనివ్వండి. జేబులో వేసుకోనివ్వకండి.