తీగకు ఎండ కొలిచారు, కూలికి కొలవలేదు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో డేవిస్ అనే వూరు వుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో ద్రాక్ష సాగు, వైన్ తయారీ మీద ఎం.ఎస్. చదువు చెబుతారు. నేల, నీళ్లు, అంట్లు, తెగుళ్లు, రసం పులిసే తీరు, రుచి పట్టటం, అన్నీ పాఠాలే. రసాయన, జీవశాస్త్రాలు చదివిన పిల్లలు దేశదేశాల నుంచి ఆ సీటు కోసం వెళ్తారు.

ఈ ద్రాక్షసారా చదువుతో మనకేం పని అని వ్యవసాయ కార్మిక సోదరీ సోదరులు అడగవచ్చు. 1992లో నెల్లూరు జిల్లాలో మన ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు గదా అని కూడా అనవచ్చు. నిజమే. కానీ మనం మాట్లాడేది తాగుడు గురించి కాదు. జనం పన్నులతో నడిచే వ్యవసాయ విద్య ఎవరి పక్షాన నిలబడుతుంది? ఆ సంగతి కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో చాలా తేటగా కనబడుతుంది.

ఎండ లెక్క

వేళ్లను తినే పురుగు తోటల్ని ఎండగొడుతున్న రోజుల్లో, 1880లో, ద్రాక్ష మీద బోధన, పరిశోధన జరపాలని ఆ రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. అంటే ఈ చదువు పుట్టిందే ప్రజల సొమ్ముతో. 1944లో డేవిస్ శాస్త్రజ్ఞులు వింక్లర్, అమెరైన్ ఒక గొప్ప లెక్క తేల్చారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వేడిని రోజురోజూ కూడి, ద్రాక్ష నేలల్ని అయిదు మండలాలుగా విడదీశారు. ఏ తీగ ఎంత వేడిలో బాగా కాస్తుందో దాంతో తెలిసింది. ఇవాళ్టికీ ఆ చదువులో అది మొదటి పాఠాల్లో వుంటుంది. శాస్త్రంగా మంచి పనే, కాదనం.

మరి ఆ తీగ కింద నిలబడి గెలలు కోసే మనిషి ఎంత వేడి తట్టుకుంటాడు? ఆ మనిషికి నీళ్లు, నీడ, విరామం ఇవ్వాలని కాలిఫోర్నియా నిబంధన పెట్టింది 2005లో! అదీ ఆ వేసవిలో పొలాల్లో కార్మికులు వడదెబ్బకు ప్రాణాలు పోగొట్టుకున్నాక, సంఘాలు గోల చేశాక. తీగ లెక్కకూ కూలి లెక్కకూ మధ్య 61 ఏళ్లు. ఆ నిబంధన వచ్చిన తర్వాత కూడా, 2008 మే నెలలో, ఒక ద్రాక్షతోటలో 17 ఏళ్ల గర్భిణీ కూలి పిల్ల ఎండకు కూలిపోయి చనిపోయింది. కాగితం మీది నీడ ఆ పిల్లను కాయలేదు.

మిషన్ ఎవరికోసం?

1942 నుంచి 1964 దాకా మెక్సికో నుంచి ఒప్పందం మీద కూలీలను చవగ్గా తెచ్చుకున్నారు అక్కడి భూస్వాములు. ఆ ఒప్పందం రద్దయింది. మరుసటి ఏడు, 1965 సెప్టెంబరు 8న, డెలానో ప్రాంతంలో ఫిలిప్పీన్ కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వాన సమ్మె కట్టారు. అంతకు ముందు ఫిలిప్పీన్ వాళ్లు సమ్మె చేస్తే మెక్సికన్లను, మెక్సికన్లు చేస్తే ఫిలిప్పీన్ వాళ్లను దించి సమ్మెలు విరిచేవారు. ఈసారి ఆ ఎత్తు సాగలేదు. ఎనిమిది రోజులకే సీజర్ చావేజ్, డొలొరెస్ హువెర్టా నడిపే మెక్సికన్ కూలీల సంఘం వచ్చి కలిసింది. అయిదేళ్ల పోరాటం. పట్నాల్లో జనం ద్రాక్ష కొనటం మానేశారు. 1970 జులైలో డెలానో యజమానులు దిగివచ్చి ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. కూలి పెరిగింది, విషపు మందుల మీద ఆంక్షలు వచ్చాయి.

ఇదే కాలంలో విశ్వవిద్యాలయం ఏం చేస్తున్నది? డేవిస్ శాస్త్రజ్ఞులు 1950ల్లోనే ద్రాక్ష కోసే మిషన్ల మీద ప్రయోగాలు మొదలెట్టారు. వాళ్లే తయారుచేసిన టమాటా కోత మిషన్ 1960ల్లో పొలాల్లో దిగింది. సుమారు 4,000 మంది టమాటా రైతులు వుంటే 1973 నాటికి 600 మందే మిగిలారు. 1970ల చివరికి 32,000 మంది పని పోయిందని అంచనా. చిన్న రైతూ పోయాడు, కూలీ పోయాడు. మిషన్ కొనగలిగినవాడే మిగిలాడు. ఇవాళ అక్కడ వైన్ ద్రాక్షలో ఎక్కువ భాగం మిషనే రాలుస్తుంది.

1979లో కూలీలు, చిన్న రైతుల తరఫున న్యాయవాదులు విశ్వవిద్యాలయం మీద దావా వేశారు. ప్రజల సొమ్ముతో పెద్ద కంపెనీలకు మిషన్లు చేసిపెట్టటం ఏమిటని అడిగారు. 1987లో కింది కోర్టు వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. 1989లో పై కోర్టు దాన్ని కొట్టేసింది.

కోర్టు కొట్టేసినా ప్రశ్న చావలేదు. 1990లో అదే డేవిస్‌లో వ్యవసాయ పనివాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధనా కేంద్రం వెలిసింది. చేయాలనుకుంటే శాస్త్రం ఈ పనీ చేస్తుందన్నమాట. అయితే ధనం బలం ఎటువైపో కూడా చూడాలి. 2001లో వైన్ వ్యాపారి రాబర్ట్ మాండవి దంపతులు డేవిస్‌కు 3.5 కోట్ల డాలర్లు విరాళమిచ్చారు. అందులో 2.5 కోట్లు వైన్, ఆహార శాస్త్రాల సంస్థకు. ఆ సంస్థకు ఆయన పేరే పెట్టారు. తోటలో గెల కోసినవాడి పేరు పెట్టిన భవనం ఏదీ?

మన సంగతేమిటి?

ఇది ఏడు సముద్రాల అవతలి గొడవ కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో పెట్టిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయం అమెరికా నమూనాలోనే, అక్కడి కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం సాయంతోనే తయారయింది. ద్రాక్ష కూడా మనకు కొత్త కాదు. అనాబ్-ఎ-షాహి, థామ్సన్ తోటలు ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ పందిళ్లేసుకుని వుండేవి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా కేంద్రం వుంది. ఆ తోటల్లో కత్తెర పట్టినవాళ్లు, గెలలు కోసినవాళ్లు, మందు కొట్టినవాళ్లు మనవాళ్లే.

ఇక వరిలో, పత్తిలో చూడండి. కోత మిషన్ వచ్చింది, కోతకూలి పోయింది. కలుపు మందు వచ్చింది, కలుపుతీత మీద బతికే ఆడకూలీలకు పని దినాలు తగ్గాయి. ఎంత ఎకరానికి ఎన్ని బస్తాలు అని లెక్కగట్టే శాస్త్రజ్ఞులు, ఎంత ఎకరానికి ఎన్ని పని దినాలు పోయినయ్ అని కూడా లెక్కగట్టవద్దా?

మిషన్‌కు మేము శత్రువులం కాము. నడుం విరిగే చాకిరీ తగ్గాలనే మేమూ కోరుతున్నాం. చాకిరీ తగ్గినప్పుడు మిగిలిన లాభం ఎవరి జేబులోకి పోతుందన్నదే మా ప్రశ్న. చదువుకూ మేము శత్రువులం కాము. కూలి బిడ్డ కూడా ఎం.ఎస్సీ. చదివి, తాత కోసిన తోట గురించి పరిశోధన చెయ్యాలి.

అందుకని సంఘాలు ఈ కోర్కెల్ని ముందుకు తేవాలి. ఏ కొత్త మిషన్, ఏ కొత్త మందు సిఫారసు చేసినా ఎన్ని పని దినాలు పోతాయో విశ్వవిద్యాలయం ముందుగా ప్రకటించాలి. పాలక మండలిలో వ్యవసాయ కార్మికుల ప్రతినిధి కూచోవాలి. వడదెబ్బ, మందుల విషం మీద పరిశోధనకు విడిగా డబ్బు కేటాయించాలి. భూమి లేని కూలీల పిల్లలకు వ్యవసాయ కాలేజీల్లో సీట్లు, ఖర్చులు ఇవ్వాలి.

కాలిఫోర్నియా కూలీలకు నీడా, నీళ్లూ ఏ పట్టభద్రుడూ దయతలచి ఇవ్వలేదు. రెండు జాతుల కూలీలు ఒక్కటై నిలబడ్డ డెలానో దారిలోనే అవి వచ్చాయి. ఈ ఎండాకాలం కూలి రేట్ల మీటింగు పెట్టే ప్రతి వూళ్లో నీళ్ల బిందె, నీడ పందిరి, మధ్యాహ్నం విరామం కూడా ఒప్పందంలో రాయించండి. మన ఎండను కొలిచే పని మనమే మొదలుపెడదాం.