ఇంట్లో చేసినంత మాత్రాన మిఠాయి ఔషధం కాదు

కిందటి సంక్రాంతికి మా దూరపు బంధువుల అమ్మాయి తన ఆరేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక స్టీలు డబ్బా ఉన్నది. దాని నిండా చేపలు, చిలకలు, నక్షత్రాల ఆకారాలలో ఒత్తిన మిఠాయిలు. “మేమిద్దరం కలిసి చేశాం, బాబాయిగారూ! పంచదార చిటికెడైనా వేయలేదు. అంతా బెల్లం, తేనె, ఖర్జూరాలే. వీడు బడి నుంచి రాగానే రోజూ నాలుగు పెడుతున్నాను. బలం కదా!” అన్నది. పిల్లవాడు గర్వంగా నవ్వాడు. ఆ నవ్వులో వాడి పైవరుస పళ్ళ అంచులు గోధుమరంగుకు తిరిగి కనిపించాయి. దవడపన్ను ఒకటి గుంటపడి ఉన్నది.

మూడు దశాబ్దాలకు పైగా వైద్యవృత్తిలో ఉన్నవాడిని. అయినా పండుగపూట ఆ తల్లి ముఖంలోని సంతోషాన్ని చెరపలేక, “బాగున్నాయమ్మా” అని ఒకటి తిని ఊరకుండిపోయాను. ఆ మౌనం నా తప్పు. ఆనాడు ఆమెకు చెప్పవలసిన మాటలను ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

పిల్లలతో కలిసి ఇంట్లో మిఠాయిలు చేయడాన్ని నేను వ్యతిరేకించడం లేదు. చేయమనే అంటాను. నేను వ్యతిరేకించేది ఆ మిఠాయికి తగిలించిన ‘ఆరోగ్యకరం’ అనే బిరుదును. చరవాణి తెర మీద ప్రతిదినమూ ఎవరో ఒకరు బెల్లపు పాకంలో తేనె కలిపి, అచ్చులలో పోసి, “మీ పిల్లలకు నిర్భయంగా రోజూ పెట్టండి” అని సెలవిస్తున్నారు. ఈ ‘నిర్భయంగా’, ‘రోజూ’ అనే రెండు మాటల మీదనే నా పోరాటం.

మొదట బెల్లం సంగతి చూద్దాం. పంచదార అంటే సుక్రోజు. బెల్లంలో అధికభాగం ఆ సుక్రోజే. చిన్నప్రేవులలో అది గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోయి రక్తంలోకి చేరుతుంది. తేనెలో ఆ రెండు చక్కెరలూ ముందే విడివడి ఉంటాయి. తేడా అంతవరకే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలలో, ఆహారంలో మనం కలిపే చక్కెరలతో పాటు తేనెను, పానకాలను, పళ్ళరసాలను కూడా పరిమితం చేయవలసిన చక్కెరల జాబితాలోనే చేర్చింది. ఖర్జూరపు పండును పండుగా తింటే అందులో పీచు ఉంటుంది, నమలవలసిన పని ఉంటుంది. దానినే ఉడికించి, వడగట్టి, పాకం చేస్తే మిగిలేది చక్కెర నీరే.

బెల్లంలో ఇనుము ఉన్నది కదా అంటారు. కొంత ఉన్నమాట నిజమే. కాని ఒక మిఠాయి ముక్కలోని పది గ్రాముల బెల్లంతో వచ్చే ఇనుము బహుస్వల్పం. ఆ బెల్లంతోనే రక్తహీనతను పోగొట్టాలంటే పిల్లవాడు తినవలసిన బెల్లం ఇంకో రోగాన్ని తెచ్చిపెడుతుంది. రక్తం పట్టాలంటే ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, మాంసం ఉన్నాయి. అవసరమైతే వైద్యుడు వ్రాసే ఇనుము మందు ఉన్నది. మిఠాయికి ఆ బాధ్యత అప్పగించవద్దు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆరేళ్ళ పిల్లవాడికి రోజుకు సుమారు 1,400 కాలరీల ఆహారం కావాలి అనుకుందాం. కలిపిన చక్కెరల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 10 శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. 5 శాతానికి లోబడితే మరింత మేలు అంటున్నది. పది శాతమంటే 35 గ్రాములు. అయిదు శాతమంటే సుమారు 17 గ్రాములు. రెండువందల గ్రాముల బెల్లంతో, రెండువందల గ్రాముల వేరుశనగపప్పుతో పల్లీపట్టి చేసి ఇరవై ముక్కలు కోస్తే, ఒక్కొక్క ముక్కలో పది గ్రాముల బెల్లం, అంటే సుమారు ఎనిమిది గ్రాముల చక్కెర ఉంటుంది. నాలుగు ముక్కలు తింటే 32 గ్రాములు. ఉదయం పాలలో వేసిన పంచదార, బిస్కత్తు, పళ్ళరసం ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. ‘పంచదార చిటికెడైనా వేయని’ మిఠాయి ఒక్కటే ఆ పిల్లవాడి రోజు పరిమితిని దాదాపు పూర్తి చేసింది.

ఇక దంతాల మాట. మన పళ్ళ మీద పాచిలో ఉండే సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటె తగ్గితే పంటి పింగాణీలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, నోటిని మామూలు స్థితికి తేవడానికి అరగంటో అంతకంటె ఎక్కువో పడుతుంది. ఈ లోపల మరొక ముక్క నోట్లో పడితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. కనుక ఎంత తిన్నారు అన్నదానితో పాటు ఎన్నిసార్లు తిన్నారు, అది పంటికి ఎంతసేపు అంటుకొని ఉన్నది అన్నవి కూడా ముఖ్యం. స్వీడన్ దేశంలో వీపెహోల్మ్ అనే ఆసుపత్రిలో 1940ల ద్వితీయార్ధంలో మొదలైన ప్రయోగాలలో, భోజనాల మధ్య బంకగా ఉండే టాఫీలు తిన్నవారి పళ్ళు అత్యధికంగా పాడయ్యాయి. భోజనంతో పాటు చక్కెర తీసుకున్నవారికి అంత నష్టం జరగలేదు. మానసిక వైకల్యం గల రోగులపై వారి సమ్మతి లేకుండా జరిపిన ఆ ప్రయోగాన్ని నేడు ఎవరూ సమర్థించరు. కాని అభాగ్యులైన ఆ రోగులు తమ పళ్ళను పోగొట్టుకొని మనకు నేర్పిన పాఠాన్ని విస్మరించడం మరొక అన్యాయం.

“పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయి” అని మరికొందరంటారు. పుచ్చిన పాలపన్ను నొప్పి పెడుతుంది, చీము పడుతుంది, పిల్లవాడిని తిననీయదు, నిద్రపోనీయదు. దాని కింద పెరుగుతున్న శాశ్వతదంతానికి కూడా హాని చేయవచ్చు. వేళకు ముందే దానిని తీసివేయవలసి వస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి.

ఇక్కడే నాకు ఇంటి మిఠాయి మీద ఎక్కువ భయం. అంగడి చాక్లెట్టు కొనిపెట్టే తల్లికి తాను చేస్తున్నది అంత మంచిపని కాదని లోలోపల తెలుసు. ఆ సంకోచమే దానికి తాళం. ‘ఆరోగ్యకరం’ అన్న పేరుతో వంటింటి అరలో కూర్చున్న డబ్బాకు ఆ తాళం లేదు. పిల్లవాడు వచ్చిపోతూ ఒకటి, హోంవర్కు చేస్తూ ఒకటి, పడుకోబోతూ ఒకటి తింటాడు. ఎవరూ వద్దనరు. మంచిదన్న నమ్మకమే మోతాదును పెంచుతుంది.

చేసేటప్పటి ప్రమాదాలను కూడా ఆ వీడియోలు చెప్పవు. నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. గట్టి మిఠాయికి కావలసిన ముదురుపాకం సుమారు 150 డిగ్రీలకు చేరుతుంది. నీళ్ళు పడితే జారిపోతాయి. పాకం పడితే చర్మాన్ని అంటుకొని కాలుస్తూనే ఉంటుంది. లేతచర్మం గల పిల్లల వేళ్ళ మీద పడిన పాకపు గాయాలకు కట్లు కట్టినవాడిగా చెబుతున్నాను, పొయ్యి దగ్గర పిల్లల వినోదం వద్దు. పొరపాటున పడితే వెంటనే ధారగా పారే చల్లని కుళాయినీటి కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. పాకం నీటిలో కరిగిపోతుంది, పొడిగా గీకకూడదు. మంచుగడ్డ, సిరా, పళ్ళపేస్టు, పసుపు ఏవీ పూయవద్దు. బొబ్బలు లేచినా, ముఖం మీదనో చేతుల మీదనో కాలినా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

నాలుగేళ్ళు నిండని పిల్లలకు వేరుశనగ గింజలు, పల్లీపట్టి, గుండ్రటి గట్టిబిళ్ళలు పెట్టరాదు. అవి గొంతుకు అడ్డుపడవచ్చు, శ్వాసనాళంలోకి జారవచ్చు. ఏడాది నిండని శిశువులకు తేనె నాకించరాదు. అందులో ఉండగల క్లాస్ట్రిడియం బొట్యులినం బీజాలు శిశువు ప్రేవులలో మొలకెత్తి, కండరాలను చచ్చుబరచే విషాన్ని తయారుచేయగలవు. అక్క చేసిన మిఠాయిని చంటితమ్ముడి నోట్లో పెట్టడం మన ఇళ్ళలో ముచ్చటే. ఆ ముచ్చట తీర్చుకునే ముందు ఈ మాట గుర్తు రావాలి.

రంగుల విషయం వేరే చెప్పాలి. పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే బట్టలరంగు బయటపడి 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు దాని అమ్మకాన్ని నిషేధించినప్పుడు, “అందుకే ఇంట్లో చేసుకోవాలి” అని అందరూ అన్నారు. సబబే. కాని ఇంట్లో చేసేవారు ఆ రంగు స్థానంలో మరొక రంగుసీసా తెచ్చుకుంటున్నారు. మనదేశంలో అనుమతించిన కృత్రిమపు రంగులను కూడా చాలా ఆహారాలలో కిలోకు 100 మిల్లీగ్రాములకు మించి కలపరాదు. చుక్కలు లెక్కపెట్టే వంటింటిలో ఆ కొలత ఎవరికి తెలుస్తుంది? ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవారు 2007లో ప్రచురించిన పరిశోధనలో, కొన్ని కృత్రిమపు రంగులను సోడియం బెంజోయేటుతో కలిపి ఇచ్చినప్పుడు కొందరు పిల్లలలో నిలకడలేనితనం పెరిగింది. 2010 నుంచి ఐరోపా సమాఖ్యలో ఆరు రంగులు గల ఆహారాల మీద, పిల్లల ప్రవర్తనపై, ఏకాగ్రతపై దుష్ప్రభావం ఉండవచ్చునన్న హెచ్చరిక ముద్రించాలి. బీటుదుంపరసం, పసుపు మన ఇంట్లోనే ఉండగా ఆ సీసా ఎందుకు?

ఇంత చెప్పినవాడు మిఠాయిని నిషేధించమంటాడని మీరు అనుకోవచ్చు. నిషేధం కూడా తప్పుదారే. 1999లో జెనిఫర్ ఫిషర్, లీన్ బర్చ్ అనే అమెరికా పరిశోధకులు, పిల్లలకు ఒక తినుబండారాన్ని కంటికి కనిపించేటట్లు ఉంచి అందనీయకపోతే దాని మీద ఆసక్తి, అందనిచ్చినప్పుడు దానిని తినే కోరిక పెరుగుతాయని చూపించారు. మేనత్త ఇంట్లో దొంగతనంగా మిఠాయి తినే పిల్లలను చూసినవారికి ఈ పరిశోధన కొత్తకాదు.

మన పెద్దలకు ప్రపంచ ఆరోగ్యసంస్థ తెలియదు. కాని వారి ఇళ్ళలో మిఠాయికి తిథి ఉండేది. పంచదార చిలకలు పెళ్ళికో సీమంతానికో వచ్చేవి. జీళ్ళు తిరునాళ్ళకు దొరికేవి. చిమ్మిలి నాగులచవితికి దంచేవారు. బెల్లం, పంచదార అందరికీ రోజూ కొనగలిగే వస్తువులు కాకపోవడం కూడా అందుకు కారణమే, ఆ లేమిని నేను పొగడడం లేదు. లేమి పోయింది, మంచిదే. తిథి కూడా పోయింది. అది మాత్రం మనం తిరిగి తెచ్చుకోవచ్చు.

కనుక మిఠాయి చేయండి. నెలకొకసారో, పండుగకో, పుట్టినరోజుకో చేయండి. పొయ్యి అక్కరలేని చిమ్మిలితో మొదలుపెట్టండి. మీరు ముందుగా వేయించి చల్లార్చిన నువ్వులను, బెల్లాన్ని పిల్లల చేతనే తూయించండి. రోట్లో మీరు దంచండి. ఆ ముద్దతో చిలకో, చేపో, తాబేలో వారికి తోచినది చేయనివ్వండి. పల్లీపట్టి అయితే వేరుశనగకాయలు వలవడం, పొట్టు చెరగడం, పళ్ళెానికి నెయ్యి రాయడం వారి పని, పాకం మీ పని. నువ్వులు, వేరుశనగలు కొందరికి పడవు. మొదటిసారి కొంచెమే పెట్టి చూడండి. తయారైన ముక్కలను పిల్లల చేతనే లెక్కపెట్టించి, ఇరుగుపొరుగుకు పంచిపెట్టండి. ఇంట్లో మిగిలినవి భోజనం కాగానే ఒక్కొక్కటి తిని, నీళ్ళు పుక్కిలించాలి. రాత్రి పళ్ళు తోముకున్న తరువాత ఏదీ లేదు. రెండేళ్ళు నిండని పిల్లలకు చక్కెర అసలే వద్దు.

అన్నిటికంటె ముఖ్యంగా, పిల్లలకు నిజం చెప్పండి. త్రాసులో బెల్లం ఎంత తూగిందో వాడు తన కళ్ళతో చూశాడు. “ఇది చక్కెర, నాన్నా. రుచి కోసం చేసుకున్నాం, బలం కోసం కాదు. బలానికి అన్నం, పప్పు, కూర ఉన్నాయి” అని చెప్పండి. ఆరేళ్ళవాడికి ఈ మాట అర్థమవుతుంది. రేపు దుకాణంలో మెరిసే కాగితం మీద ‘ఆరోగ్యకరం’ అని వ్రాసి ఉన్నప్పుడు, లోపల చక్కెర ఎంత అని అడగడం వాడికి ఈనాటి త్రాసే నేర్పుతుంది. ఇంట్లోనే తల్లి నోట ఆ అబద్ధం విన్నవాడు దుకాణదారును ఏమని ప్రశ్నిస్తాడు?

ఆ అమ్మాయికి నిన్న ఫోను చేశాను. ముందు పిల్లవాడి పన్నును దంతవైద్యునికి చూపించమన్నాను. ఆ డబ్బా సంగతి తరువాత మాట్లాడుకున్నాం. కొంచెం నొచ్చుకున్నది. పండుగనాడే చెప్పి ఉంటే ఇన్ని నెలలుగా రోజుకు నాలుగు ముక్కలు ఆ పళ్ళ మీద పడి ఉండేవి కావు.