కొత్త ఊరికి వెళ్తున్నారా? బ్యాగులో గాగుల్స్ పెట్టుకోండి

"అనంతపురంలో నీళ్లెక్కడివప్పా, ఈత నేర్చుకోడానికి?"

బెంగళూరులో ఒక స్విమ్మింగ్ పూల్ గట్టు మీద నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. అడిగినాయనకు అరవై దాటి ఉంటాయి. సొంతూరు హిందూపురం వైపేనట, బెంగళూరులో స్థిరపడి ముప్ఫై ఏళ్లయిందట. అప్పటికి నేను ఇంజినీరింగ్ పూర్తిచేసి ఏడు నెలలు. పీజీ హాస్టల్లో నలుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. రోజుకు పది చోట్ల రెజ్యూమె అప్‌లోడ్ చేయడం, పిలిస్తే ఇంటర్వ్యూకి వెళ్లడం, మిగతా సమయమంతా ఫోన్ చూసుకుంటూ మంచం మీదే. ఉద్యోగం సంగతి దేవుడెరుగు, రోజులో ఫలానా టైముకు ఫలానా చోట ఉండాలి అన్నదే లేకుండా పోయింది. పూల్ బోర్డు మీద "పెద్దల ప్రాక్టీస్, ఉదయం 6 గంటలు" అని చూసి, ఒక నెలకు టికెట్ తీసుకున్నా.

"మా తాత బావిలో నేర్చుకున్నా సార్" అన్నాను.

"అయితే చివరి లేన్లో దిగు. తొందరేం లేదు" అన్నాడాయన.

నేను వినలేదు. మా ఊరి బావిలో గట్టు మీంచి దూకినవాణ్ని, నాకు చివరి లేనా అనుకుని మధ్య లేన్లో దిగాను. రెండుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి ఊపిరాడలేదు. నా వెనకాల నలుగురు ఆగిపోయారు. ఎవరూ తిట్టలేదు. పెద్దాయన మాత్రం చేత్తో చివరి లేన్ చూపించాడు. సిగ్గుపడుతూ వెళ్లాను. మర్నాడు ఉదయం ఆరింటికి మళ్లీ వెళ్లాను. ఇన్నేళ్లయినా నాకు గుర్తున్నది ఆ రెండో రోజే. ఎందుకంటే ఏడు నెలల తర్వాత మొదటిసారి అలారం పెట్టుకుని లేచింది ఆ రోజే.

చదువు అయిపోయి, కోచింగ్‌కో ఇంటర్న్‌షిప్‌కో ఇంటర్వ్యూలకో కొత్త ఊరు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఆ ఊళ్లో పెద్దవాళ్లు కలిసి చేసే ప్రాక్టీస్ ఎక్కడుందో వెతికి అందులో చేరండి. ఈత అయితే మరీ మంచిది. ఎందుకో చెప్తాను.

బావులు పోయాయి, ఈత కూడా పోయింది

మా జిల్లాకు ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు సముద్రం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. అయినా మా నాన్నల తరంలో ఈత రాని మగపిల్లలు ఊళ్లో తక్కువ. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి దిగుడు బావిలోకి తోసేవాళ్లు. నాలుగు రోజులు నీళ్లు తాగితే ఐదో రోజుకు తేలేవాళ్లు. తర్వాత బోర్లు వచ్చాయి. ఒకరు మూడొందల అడుగులు వేస్తే పక్కవాడు ఐదొందలు. భూగర్భజలం కిందికి పోయి బావులు ఎండిపోయాయి. కొన్నిటిని పూడ్చేశారు. నేను నేర్చుకున్న బావిలో ఇప్పుడు కంపచెట్లు మొలిచాయి. మా ఇంట్లో బావిలో ఈత నేర్చుకున్న చివరివాణ్ని నేనే.

మరోపక్క నీళ్లు వేరే రూపంలో వచ్చాయి. తుంగభద్ర ఎగువ కాలువ ఉంది. హంద్రీ-నీవా వచ్చింది, జీడిపల్లి రిజర్వాయర్ నిండింది. పొలాల్లో సేద్యపు కుంటలు తవ్వారు. అంటే నీళ్లున్నాయి, ఈత వచ్చిన పిల్లలు లేరు. ఎండాకాలం సెలవుల్లో కాలువలో, కుంటలో మునిగిపోయిన పిల్లల వార్త మన పేపర్లో చూడని ఏడాది ఉందా?

ఇది ఊరి దగ్గర ఆగే సమస్య కూడా కాదు. 2022 నవంబరులో అమెరికాలోని మిజోరీ రాష్ట్రంలో లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ అనే సరస్సులో ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగి చనిపోయారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర మరో ఇద్దరు. అందరూ పీజీ చదువుకు వెళ్లినవాళ్లే. చల్లటి నీళ్లలో, రాళ్ల మధ్య ప్రవాహంలో ఎంత ఈత వచ్చినా ప్రమాదమే. కానీ నీళ్లంటే ఏంటో తెలిసినవాడికి, ఎక్కడ దిగకూడదో కూడా తెలుస్తుంది. జీఆర్ఈకి ఆరు నెలలు పెట్టేవాళ్లం, దీనికి రెండు నెలలు పెట్టలేమా?

ప్రాక్టీస్ అంటే ఏంటి, ఎలా జరుగుతుంది

పెద్దల ఈత జట్లు అనగానే పతకాలు, పోటీలు అనుకోకండి. దీన్ని మాస్టర్స్ స్విమ్మింగ్ అంటారు. అమెరికాలో 1970లో టెక్సాస్‌లోని అమరిల్లోలో పెద్దలకు తొలి జాతీయ పోటీ పెట్టారు. దాని వెనకున్న నౌకాదళ వైద్యుడు రాన్సమ్ ఆర్థర్ ఆలోచన చాలా మామూలుది: పోటీ అనే ఆశ ఉంటే పెద్దవాళ్లు వ్యాయామం మానరు. అక్కడ 18 ఏళ్లు నిండితే చేరొచ్చు. అంతర్జాతీయ పోటీలకైతే 25 నిండాలి. మన దేశంలోనూ జాతీయ మాస్టర్స్ పోటీలున్నాయి. అమెరికాలో చాలా జట్లు ఊరికి వచ్చిన అతిథిని ఒకరోజు ప్రాక్టీస్‌కు రానిస్తాయి. కొన్ని కొద్దిగా రుసుము తీసుకుంటాయి. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. యూనివర్సిటీ ఫీజులో జిమ్, పూల్ ఖర్చు చాలాచోట్ల కలిపే ఉంటుంది. డబ్బు కట్టేసి వాడుకోనివాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు.

లోపల జరిగేది ఇదీ. లేన్లను వేగాన్ని బట్టి పంచుకుంటారు. ఒక చివర నెమ్మదివాళ్లు, మరో చివర వేగంగా ఈదేవాళ్లు. ఒకే లేన్లో నలుగురైదుగురు ఉంటే ఒక పక్కగా వెళ్లి రెండో పక్కగా తిరిగి వస్తారు, రోడ్డు మీద బండ్లలాగే. ముందువాడు బయల్దేరిన ఐదు సెకన్లకో పది సెకన్లకో వెనకవాడు బయల్దేరాలి. ముందు నెమ్మదిగా ఓ 200 మీటర్లు. తర్వాత అసలు సెట్, ఉదాహరణకు 50 మీటర్లు ఎనిమిదిసార్లు, ప్రతి నిమిషంన్నరకు ఒకటి. ముందే ముగిస్తే మిగిలిన సెకన్లు విశ్రాంతి. గోడకున్న గడియారమే మేనేజర్. అలిసిపోతే లేన్ మూలన ఆగాలి, మధ్యలో ఆగితే వెనకవాళ్లకు ఇబ్బంది.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కొత్తగా చేరితే మొదటి రోజే కోడ్ మార్చం కదా. రీడ్‌మీ చదువుతాం, పాతవాళ్లు ఎలా చేస్తున్నారో చూస్తాం. ఇక్కడా అంతే. పది నిమిషాలు ముందు వెళ్లండి. కోచ్‌కు పేరు చెప్పి, "ఈ ఊరికి కొత్త. వంద మీటర్లు ఈదడానికి నాకు ఇంత టైమ్ పడుతుంది. ఏ లేన్లో దిగమంటారు?" అని అడగండి. టైమ్ తెలియకపోతే తెలియదనే చెప్పండి. నేను మధ్య లేన్లో దిగి చేసింది ఏంటో తర్వాత అర్థమైంది. రాని టెక్నాలజీని రెజ్యూమెలో రాసుకోవడం కూడా అలాంటిదే. పట్టుబడటానికి రెండు లెంగ్తులు చాలు.

ఎక్కడ అడగాలి

హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి ఈత కొలను ఉంది. విజయవాడ గాంధీనగర్‌లో సర్ విజ్జి పూల్, విశాఖ బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్, బెంగళూరులో బసవనగుడి అక్వాటిక్ సెంటర్ ఉన్నాయి. విజయవాడలోనైతే తెల్లవారుజామున కృష్ణలో ఈదే పెద్దల బృందాలు కూడా ఉన్నాయి. వాళ్లతో కలవకుండా ఒంటరిగా నదిలో మాత్రం దిగకండి. టైమింగ్స్, రుసుములు మారుతుంటాయి కాబట్టి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: పెద్దల బ్యాచ్ ఎన్నింటికి? ఒక రోజుకో వారానికో టికెట్ ఇస్తారా? మెడికల్ సర్టిఫికెట్ కావాలా?

బ్యాగులో పట్టేవి నాలుగే: నైలాన్ కాస్ట్యూమ్, క్యాప్, గాగుల్స్, టవల్. కాటన్ నిక్కరుతో దిగనివ్వరు. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు ఫైల్లో ఎలాగూ ఉంటాయి. ఇంటర్వ్యూల కోసం మోస్తున్నవే.

ఈత అసలే రాకపోతే నేరుగా ఈ ప్రాక్టీస్‌లోకి వెళ్లకండి. ముందు నేర్చుకునేవాళ్ల బ్యాచ్‌లో చేరండి. బావి ఈత వచ్చినవాళ్లు కూడా తల నీళ్లలో పెట్టి ఊపిరి వదలడం కొత్తగా నేర్చుకోవాల్సిందే. నాకు మూడు వారాలు పట్టింది. వయసు దాటిపోయిందంటారా? హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల నలభై దాటాకే ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంకకూ మనకూ మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదారు. 52 ఏళ్ల వయసులో విశాఖ నుంచి కాకినాడ దాకా సముద్రంలో ఈదారు. ఇరవై రెండేళ్లకే "ఇప్పుడేం నేర్చుకుంటాంలే" అంటే ఎలా?

ఉద్యోగం వచ్చిందా అని ఎవరూ అడగరు

ఇంటికి ఫోన్ చేస్తే అదే ప్రశ్న. పెళ్లికి వెళ్తే అదే. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒకరికి ఆఫర్ వస్తే మనం "కంగ్రాట్స్ మామా" అని పెట్టి ఫోన్ పక్కన పడేస్తాం. కొలనులో మాత్రం నన్ను అడిగింది "నిన్న రాలేదేం?" అని. అందరూ క్యాప్, గాగుల్స్‌లో ఉంటారు. ఎవరు డాక్టరో, ఎవరు ఆటో నడుపుతారో తెలియదు. రెండు నెలల తర్వాతగానీ ఆ పెద్దాయన రిటైరైన బ్యాంకు మేనేజరని నాకు తెలియలేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ కొలను వల్ల నాకు ఉద్యోగం రాలేదు. అక్కడ ఎవరూ రిఫరల్ ఇవ్వలేదు, నేను అడగలేదు. మీరూ అడగకండి. నెట్‌వర్కింగ్ అని విజిటింగ్ కార్డులు పంచే చోటు కాదది. నాకు దక్కింది ఉదయం ఆరు గంటలు. ఆరింటికి లేస్తే ఏడున్నరకు ఆకలేస్తుంది. టిఫిన్ తిని తొమ్మిదికల్లా లాప్‌టాప్ ముందు కూర్చుంటా. రాత్రి పదింటికి నిద్రొస్తుంది. ఉద్యోగం మరో నాలుగు నెలలకు వచ్చింది. ఆ నాలుగు నెలలు మంచం మీద గడవలేదు, అంతే. తర్వాత ఆఫీసు పని మీద ఏ ఊరెళ్లినా ముందు పూల్ ఎక్కడుందో చూస్తాను. కొత్త ఊరు మర్నాటికల్లా కాస్త తెలిసిన ఊరవుతుంది.

అందరికీ తలుపు తెరిచి ఉందా?

లేదు. మా చెల్లి గ్రూప్స్ కోచింగ్‌కు వేరే నగరానికి వెళ్లింది. మూడు పూల్స్‌లో అడిగింది. ఒకచోట లేడీస్ బ్యాచ్ పదకొండింటికి, క్లాసు జరిగే టైములో. ఒకచోట ఏడాది మెంబర్‌షిప్ తప్ప ఇవ్వరు. ఆరు నెలలు ఉండే విద్యార్థి ఏడాది డబ్బు ఎందుకు కడుతుంది? మూడో చోట మహిళా కోచ్ లేరు. చివరికి నడకతో సరిపెట్టుకుంది. మగపిల్లలం బావిలో నేర్చుకున్న రోజుల్లోనూ ఆడపిల్లలు గట్టు మీదే ఉన్నారు. బావి పోయి కొలను వచ్చినా గట్టు మీదే ఉంచుతామా?

ప్రజల డబ్బుతో కట్టిన ప్రతి పూల్‌లో రోజు టికెట్ ఉండాలి. ఉదయం ఒకటి రెండు లేన్లు పెద్దల ప్రాక్టీస్‌కు వదలాలి. లేడీస్ బ్యాచ్ కాలేజీకి, ఆఫీసుకు ముందో తర్వాతో ఉండాలి. ఇవేవీ కొత్తగా కొలను తవ్వాల్సిన పనులు కావు, టైమ్‌టేబుల్ మారిస్తే చాలు. అనంతపురంలాంటి చోట నీళ్లు వృథా అంటారేమో. కొలను నీటిని శుద్ధిచేసి మళ్లీ మళ్లీ వాడతారు. ఎండాకాలంలో కుంటలో పిల్లాణ్ని వెతకడం కన్నా ఆ ఖర్చు తక్కువే.

ఈత కుదరకపోతే పరుగు, ఫుట్‌బాల్, షటిల్ ఏదైనా సరే. కానీ ఒంటరిగా కాకుండా, ఆ ఊరివాళ్లతో, టైముకు. వచ్చే వారం ఇంటర్వ్యూకి బస్సెక్కేవాళ్లు బ్యాగు సర్దుకునేటప్పుడు సర్టిఫికెట్ల ఫైల్ పక్కన గాగుల్స్ కూడా పెట్టుకోండి. మొదటి రోజు మాత్రం చివరి లేన్లోనే దిగండి.